మైలేజ్ తగ్గిందా? ఎయిర్ ఫిల్టర్‌ను తర్వాత చూడండి

సమస్య: ఊళ్లో తిరిగితే పెట్రోల్ కారు మైలేజ్ పడిపోతోంది. పొగ లేదు, చప్పుడు లేదు.

కారణం: చాలాసార్లు సగం మూసిన థ్రాటిలే, అంటే యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని ఇంజిన్‌కు గాలిని వదిలే తలుపే. సూది లేని సిరంజి మూతిని వేలితో కొంచెం మూసి వెనక్కి లాగండి, చేతికి బరువు తెలుస్తుంది. పిస్టన్‌కూ గాలిని లోపలికి పీల్చే ప్రతి ఇన్‌టేక్ స్ట్రోక్‌లో అదే బరువు. మహబూబ్‌నగర్‌లో బయటి గాలి పీడనం సుమారు 95 కిలోపాస్కల్స్. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, మ్యానిఫోల్డ్ (థ్రాటిల్ నుంచి సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాలు) లోపల 30-40 మాత్రమే ఉంటుంది. ఆ తేడాకు ఎదురులాగడానికి పెట్రోల్ ఖర్చవుతుంది. దీన్నే పంపింగ్ లాస్ అంటారు.

పరిష్కారం: పై గేరు. జడ్చర్ల రోడ్డు మీద 50 స్పీడులో మూడో గేరులో వెళ్తే ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది, థ్రాటిల్ బాగా మూసుకుని ఉంటుంది. నాలుగో గేరుకో ఐదుకో మారిస్తే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) తగ్గుతుంది, అదే పవర్ కోసం థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంటుంది, లోపలి పీడనం పెరుగుతుంది, లాస్ తగ్గుతుంది. ఇంజిన్ వణికినా, టకటకమన్నా వెంటనే కింది గేరుకు రండి.

మరి ఫిల్టర్ సంగతి? పెట్రోల్‌ను కంప్యూటర్ కొలిచి చల్లే ఇంజెక్షన్ కారులో అది కొంత మూసుకుపోయినా నెమ్మదిగా నడిపేటప్పుడు థ్రాటిల్ ఇంకాస్త తెరుచుకుని సర్దుకుంటుంది, మైలేజ్‌లో తేడా పెద్దగా రాదు. గాలి లాగుడుతోనే పెట్రోల్ కలిపే పాత కార్బురేటర్ బైకులో మాత్రం మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువై మైలేజ్ నిజంగానే పోతుంది.

సమస్య: నార్కట్‌పల్లి హైవే మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఓవర్‌టేక్‌కు పికప్ రాదు.

ఇక్కడ ఫిల్టర్‌నే అనుమానించాలి. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకున్నాక గాలికి అడ్డం అదే. మిర్యాలగూడ మిల్లుల ఊక దుమ్ములో తిరిగే బండికి కంపెనీ చెప్పిన గడువు వరకు ఆగకుండా ముందే చూసుకోవాలి. పేపర్ ఫిల్టర్‌ను కడగొద్దు, మార్చేయండి. గాలి లోపలికొచ్చే గొట్టం మూతినీ చూడండి, గడ్డి ఇరుక్కుని ఉండొచ్చు. ఫిల్టర్ తీసేసి మాత్రం నడపకండి, దుమ్ము పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది.

డీజిల్ ఇంజిన్ పవర్‌ను థ్రాటిల్‌తో అదుపు చేయదు, మొదటి సమస్య దానికి దాదాపు లేనట్టే. ఫిల్టర్ మూసుకుపోతే నల్ల పొగ కక్కుతుంది.

సమస్య: ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతోంది.

థ్రాటిల్ బాడీలో (థ్రాటిల్ తలుపు ఉండే గొట్టంలో) కార్బన్ మసి పేరుకుని ఉండాలి, లేదా థ్రాటిల్ తర్వాతి వాక్యూమ్ పైపు పగిలి ఉండాలి. సుయ్‌మనే శబ్దం వింటే పైపే. అక్కడ కొంచెం సబ్బునీళ్లు చల్లితే బుడగలు రావు, లోపలికి పీల్చుకుంటుంది, శబ్దం మారుతుంది. పైపు మార్చాలి. కార్బన్ అయితే క్లీనర్‌తో తుడవాలి. ఆ తర్వాత కొన్ని కార్లకు స్కానర్‌తో ఐడ్లింగ్ మళ్లీ సెట్ చేయించాలి.