తక్కువ డబ్బుతో గోవా కాసినోకి వెళ్లే కుర్రాళ్లకి

రొయ్యల గుంటల గట్టు మీద 'లోనా బయటా' పేకాట ఆడుతూ, పోలీసు జీపు కనపడగానే చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తే బదులు, ఏడాదికోసారి గోవా వెళ్లి దర్జాగా కూర్చుని ఆడొచ్చు కదా అని నెల్లూరు, ఒంగోలు వైపు కుర్రాళ్లు చాలామంది అంటుంటారు. ఆ మాటలో తప్పేం లేదు. మన దగ్గర 1974 గేమింగ్ చట్టం ఉంది, 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా కలిపేశారు, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. అందుకని టెలిగ్రామ్‌లో వచ్చే బెట్టింగ్ లింకుల జోలికి అస్సలు పోకండి. గోవాలో లైసెన్సుతో నడిచే కాసినోలున్నాయి, పణజి దగ్గర మాండోవి నదిలో పడవల మీదే కొన్ని ఉంటాయి. 21 ఏళ్లు నిండితేనే లోపలికి రానిస్తారు.

మార్కాపురం, కంభం, గిద్దలూరు వాళ్లకి గోవాలోని వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉంది, కాకపోతే రోజూ ఉండదు. నెల్లూరు, కావలి వాళ్లు గుంటూరు వెళ్లి ఎక్కడమో, బెంగళూరు మీదుగా బస్సులో పోవడమో చూసుకోవాలి. మడ్గావ్‌లో దిగితే పణజికి గోవా ప్రభుత్వ కదంబ బస్సులుంటాయి. శని, ఆదివారాలు మానుకోండి, టికెట్టూ ఎక్కువే, టేబుళ్ల దగ్గర కనీస పందెమూ పెంచుతారు. నిక్కర్లు, హవాయి చెప్పులు వేసుకుని వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

ఎంట్రీ టికెట్‌లో భోజనం, చాలాచోట్ల మందు, కొన్ని చిప్స్ (డబ్బుకి బదులు పందెం కాసే బిళ్లలు) కలిపి ఇస్తారు. ఆ ఫ్రీ చిప్స్‌ని అలాగే తిరిగిచ్చి డబ్బు తీసుకోవడం సాధారణంగా కుదరదు, వాటితో ఆడి గెలిచినదానికే డబ్బిస్తారు. విడిగా చిప్స్ కొనేముందు కౌంటర్లో ఒక్కమాట అడగండి: నేను 5,000 ఇస్తే చేతికి ఎంత విలువైన చిప్స్ వస్తాయి అని. 2025 సెప్టెంబరు 22 నుంచి కాసినోల మీద జీఎస్టీ 40 శాతం అయింది, ఆ భారం ఎవరి మీద ఎంత పడుతుందో ముందే తెలుసుకోవడం మంచిది.

ఇక అసలు విషయం. బడ్జెట్ అంటే జేబులో ఎంత ఉందని కాదు, గంటకి ఎంత పోతుందని. రూలెట్ అంటే తిరిగే చక్రంలో గోళీ ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట. ఒకే సున్నా ఉన్న రూలెట్‌లో 37 గళ్లుంటాయి, ఎరుపు మీద పెట్టినా నలుపు మీద పెట్టినా సగటున పెట్టినదాంట్లో 2.7 శాతం కాసినోకే పోతుంది. వంద రూపాయల చొప్పున గంటకి 40 సార్లు వేస్తే మొత్తం 4,000 తిప్పినట్టు, అందులో సగటు నష్టం 108 రూపాయలు. అదే రెండు సున్నాల చక్రమైతే నష్టం దాదాపు రెట్టింపు. కూర్చునేముందు సున్నాలు లెక్కపెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు! బక్కరా అనే పేకాటలో ప్లేయర్, బ్యాంకర్ అని రెండు పక్కలుంటాయి, బ్యాంకర్ మీద పెడితే 1 శాతం పైచిలుకే పోతుంది, అదే టేబుల్ మీద 'టై' (రెండు పక్కలూ సమానం) అని ఊరించే గడిలో పెడితే 14 శాతం. స్లాట్ మిషన్ చూడ్డానికి చవగ్గానే ఉంటుంది, కానీ బటన్ నొక్కే స్పీడుకి గంటలో వందలసార్లు తిరిగిపోతుంది.

అందర్ బాహర్ మన లోనా బయటానే. జోకర్ ముక్క మధ్యలో పెట్టి చెరో పక్కకీ ఒక్కో ముక్క వేసుకుంటూ పోతారు, జోకర్ అంకె ఏ పక్క పడితే ఆ పక్క గెలుపు. మొదటి ముక్క పడే పక్కకి 51.5 శాతం అవకాశం ఉంటుంది, అది వాళ్లకీ తెలుసు కాబట్టి ఆ పక్క గెలిస్తే మామూలుగా వందకి తొంభయ్యే ఇస్తారు. అయినా రెండో పక్క కన్నా అదే కాస్త నయం. మన ఊరి ఆటగాడు వరసగా నాలుగుసార్లు బయట పడింది కాబట్టి ఈసారి లోనే అంటాడు చూడండి, అలాంటి లెక్కలు ముక్కలకి తెలియవు.

ఓడిన ప్రతిసారీ రెట్టింపు పెడితే ఎప్పుడో ఒకసారి అన్నీ తిరిగొస్తాయని యూట్యూబ్‌లో చెప్తుంటారు. వందతో మొదలుపెట్టి వరసగా ఆరు ఓడితే 6,300 పోయినట్టు, ఏడోదానికి 6,400 కావాలి, ఈలోపు టేబుల్ లిమిట్ (ఒకసారికి పెట్టనిచ్చే గరిష్ఠ పందెం) కూడా అడ్డం రావచ్చు. రూలెట్‌లో వరసగా ఆరు ఓడటం అరుదేం కాదు, ఒక రాత్రంతా కూర్చుంటే బాగానే ఎదురవుతుంది.

డబ్బుని రెండు కవర్లలో పెట్టుకుని, తిరుగు ప్రయాణానిది రూములోనే వదిలేయండి, కార్డులతో సహా. యూపీఐ లిమిట్ బయలుదేరేముందే తగ్గించుకోండి. గుంపుగా వెళ్లినప్పుడు అసలు ప్రమాదం చేబదులు దగ్గర వస్తుంది. ఓడినవాడు గెలిచినవాడి పక్కన చేరి 'రెండువేలు సర్దు మామా, ఇప్పుడే ఇచ్చేస్తా' అంటాడు, మొహమాటానికి ఇస్తే ఇద్దరి డబ్బూ అక్కడే ఉంటుంది. కాబట్టి ఎవరూ ఎవరికీ ఇవ్వకూడదని రైల్లోనే మాట్లాడేసుకోండి. ఇంటికొచ్చాక లోన్ యాప్ తెరిచి మళ్లీ టికెట్లు వెతుకుతున్నారంటే మాత్రం అది సరదా దాటిపోయింది, 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

గెలిస్తే మిగిలిన చిప్స్ అన్నీ ఆ రాత్రే కౌంటర్లో మార్చేసుకోండి. గెలుపు మీద 30 శాతం పన్ను, పైన సెస్సు, ఓడిన డబ్బుని అందులోంచి తీసేసుకోవడం కుదరదు. ఒకేసారి గెలిచింది 10,000 దాటితే అక్కడే టీడీఎస్ (చేతికిచ్చేముందే పట్టుకునే పన్ను) కోసే అవకాశం ఉంది, ఆ కోత మీ లెక్కలో కనపడాలంటే పాన్ నంబరు ఇవ్వాలి, కాబట్టి ఆధార్‌తో పాటు పాన్ కార్డు కూడా జేబులో ఉంచుకోండి.