పోషక ద్రావణం దాచిపెట్టిన లక్షణం: నా అనుభవం

ఆగుంబె వర్షారణ్యంలో చెట్టు బెరడు నుంచి గీకి తెచ్చిన నీలి ఆకుపచ్చ శైవలాల (సయనోబాక్టీరియా) పొరను కడపలోని మా ప్రయోగశాలలో బీజీ-11 అనే పోషక ద్రావణంలో పెంచినప్పుడు, మూడు వారాలు గడిచినా పోగుల్లో హెటిరోసిస్ట్ అనే ప్రత్యేక కణం ఒక్కటి కూడా కనిపించలేదు. దానితో ఆ కణాలు లేని వేరే ప్రజాతిగా వర్ణన రాయడం మొదలుపెట్టాను. పొరపాటు నాదే. లీటరుకు 1.5 గ్రాముల సోడియం నైట్రేట్ ఉన్న ద్రావణంలో నత్రజని పుష్కలంగా దొరుకుతున్నప్పుడు, గాలిలోని నత్రజనిని స్థిరీకరించే ఆ కణాలతో జీవికి పనిలేదు.

కొన్ని పోగులను కడిగి, నైట్రేట్ లేని ద్రావణంలోకి మార్చాను. మూడో రోజు ఉదయం సూక్ష్మదర్శినిలో చూస్తే, పూసల దండలాంటి పోగు మధ్యమధ్యన మందపాటి గోడతో, లేత పసుపు రంగులో, పక్క కణాలను తాకే చోట మెరిసే చుక్కలతో హెటిరోసిస్టులు నిలిచి ఉన్నాయి. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తరువాత ఒకే పోగును వేరుచేసి పెంచి, బ్యాక్టీరియా జాతులను పోల్చడానికి వాడే 16ఎస్ జన్యువు క్రమం చదివించాను. దగ్గరి జాతులతో పోలిక 98.7 శాతం కన్నా తక్కువగా ఉంటే కొత్త జాతి అనడానికి బలం చేకూరుతుంది. అయినా 16ఎస్, 23ఎస్ జన్యువుల నడిమి భాగాన్ని కూడా పోల్చడమే మేలని నా అభిప్రాయం. వృక్షశాస్త్ర నామకరణ నియమావళి ప్రయోగశాలలో పెరుగుతున్న సజీవ వర్ధనాన్ని మూల నమూనాగా (జాతి పేరుకు ఆధారంగా నిలిచే నమూనాగా) అంగీకరించదు కనుక, ఇప్పుడు ఎండబెట్టిన నమూనాను హెర్బేరియానికి (ఎండిన వృక్ష నమూనాలను భద్రపరిచే చోటుకు) సిద్ధం చేస్తున్నాను.