పల్లపు మడుల్లో వరి, చేప, మినుము

వంశధార, నాగావళి పరీవాహకంలోని పల్లపు మడుల్లో నీరు నిలవడాన్ని నష్టంగానే చూడనక్కరలేదు. ముంపు తప్పనిచోట సుమారు రెండు వారాల మునకను తట్టుకునే స్వర్ణ సబ్-1 వంటి వరి రకాన్ని ఎంచుకోవాలి. శ్రీకాకుళం సన్నాలకు ఎంత గిరాకీ ఉన్నా, లోతు మడికి వాటిని ఎంచుకోవడం సాహసమే.

చేపలు పెంచదలచినవారు గట్టు వెంబడి మొత్తం విస్తీర్ణంలో పదో వంతు మించకుండా, సుమారు మీటరు లోతున కందకం తవ్వి, తూముకు వల బిగించి, ఉభాలు (నాట్లు) పూర్తయి నారు నిలదొక్కుకున్నాకే బొచ్చె, రాగండి, బంగారుతీగ పిల్లలను వదలాలి. వేలెడు పొడవున్న పిల్లలైతే బతికే అవకాశం ఎక్కువ. పురుగుమందు విచక్షణ లేకుండా చల్లేవారికి ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే ఆ మందు చేపలను చంపుతుంది. తవ్విన మట్టితో ఎత్తు చేసిన గట్టుపై కంది వేసుకోవచ్చు.

కోతకు రెండు మూడు రోజుల ముందు, నీరు తీసివేసిన మడిలో పదును ఉండగానే మినుము లేదా పెసర విత్తనం వెదజల్లితే, దుక్కి ఖర్చు లేకుండా రెండో పంట వస్తుంది. పదును మితిమీరితే మాత్రం విత్తనం కుళ్లిపోతుంది.