రాత్రిపూట వన్యప్రాణుల పరిశీలన – మూడవ పాఠం: తక్కువ ఖర్చులో నైట్ విజన్ స్కోపు ఎంపిక

మునిమాపు వేళ బైనాక్యులర్ ఎంతవరకు పనికివస్తుందో కిందటి పాఠంలో చూశాం. చీకటి చిక్కబడిన తరువాత దానితో పని జరగదు. అందువల్ల ఈ పాఠంలో నైట్ విజన్ స్కోపు కొనేటప్పుడు వేటిని పరీక్షించాలో, అట్టపెట్టె మీది ఏ అంకెలను నమ్మనక్కరలేదో తెలుసుకుందాం.

బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ట్యూబుతో పనిచేసేవి కొద్దిపాటి వెన్నెలను, నక్షత్రాల వెలుగును ఎన్నో రెట్లు పెంచి ఆకుపచ్చ బొమ్మగా చూపుతాయి. వీటిలో చవకగా వచ్చే జెన్ 1 (మొదటి తరం) స్కోపులలో బొమ్మ అంచుల దగ్గర మసకబారుతుంది, పగటి వెలుగు నేరుగా తగిలితే ట్యూబు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. రెండవది థర్మల్ స్కోపు. ఇది వెలుగుతో నిమిత్తం లేకుండా, శరీరం నుంచి వెలువడే వేడినే బొమ్మ కడుతుంది. దీని ధర మిగిలిన చవక రకాలకు ఎన్నో రెట్లు ఉంటుందన్నది అలా ఉంచితే, మన ప్రాంతానికి సంబంధించిన చిక్కు మరొకటి ఉంది. మే నెలలో విజయవాడ చుట్టుపక్కల కొండరాళ్ళు పగలంతా కాగి, పొద్దుగూకిన చాలాసేపటి వరకు ఆ వేడిని వదలవు. రాతి వేడికీ జంతువు ఒంటి వేడికీ తేడా తగ్గినకొద్దీ తెర మీద జంతువు రాతిలో కలిసిపోతుంది. తెల్లవారుజామున రాళ్ళు చల్లబడ్డాకే బొమ్మ మళ్ళీ తేటపడుతుంది. పైగా థర్మల్ స్కోపు కిటికీ అద్దంలో నుంచి చూడలేదు.

మిగిలింది డిజిటల్ రకం. కొత్తగా నేర్చుకునేవారు దీనినే కొనాలని నా అభిప్రాయం. దీనిలో సీసీ కెమెరాలో ఉండే తరహా సెన్సర్, ఒక చిన్న తెర, వాటికి తోడు కంటికి కనిపించని పరారుణ కాంతిని విరజిమ్మే ఎల్‌ఈడీ దీపం ఉంటాయి. మన కన్ను సుమారు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి దాకా మాత్రమే చూడగలిగితే, సిలికాన్ సెన్సర్ 1,000 నానోమీటర్ల వరకూ ఎంతో కొంత చూస్తుంది. స్కోపు పనితనంలో సగానికి పైగా ఈ దీపం మీదే ఆధారపడి ఉన్నా, దుకాణంలో ఎవరూ దాని ఊసెత్తరు. 850 నానోమీటర్ల దీపం దూరం వరకు పనిచేస్తుంది, కానీ దాని మొగం మీద సన్నని ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. 940 నానోమీటర్ల దీపానికి ఆ మెరుపు ఉండదు, అయితే సెన్సర్ దానిని అంత బాగా పట్టుకోలేదు కనుక చూపు దూరం తగ్గుతుంది. పొలం గట్టు మీద నక్కను దూరం నుంచి గమనించడానికి మొదటిది మేలు. కృష్ణా అభయారణ్యపు మడ అడవుల్లోని బావురు పిల్లి వంటి బెదురు జంతువుకు, అందులోనూ దగ్గర నుంచి చూసేటప్పుడు, రెండవది మేలు.

దీపం వెలుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక. స్కోపు ఆన్ చేసి, దీపాన్ని సెల్‌ఫోన్ సెల్ఫీ కెమెరాతో చూస్తే తెర మీద ఊదా రంగు కలిసిన తెల్లని చుక్క కనిపిస్తుంది. టీవీ రిమోట్‌లోనూ ఇలాంటి దీపమే ఉంటుంది కనుక, దాని బటన్ నొక్కి అదే కెమెరాతో ముందుగా ఇంట్లో సరిచూసుకుంటే, మీ ఫోన్ ఈ పరీక్షకు పనికివస్తుందో లేదో తేలిపోతుంది.

ఇక పెద్ద పెద్ద అంకెల సంగతి. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే సాగదీస్తుంది తప్ప కొత్త వివరం ఏదీ చేర్చదు. లెన్సు బొమ్మను మూడు నుంచి అయిదు రెట్లు పెద్దదిగా చూపితే చాలు, అంతకు మించితే కనిపించే మేర ఇరుకై, చేతి వణుకు పెరిగి, కదిలే జంతువు చిక్కదు. పెట్టె మీద వేసే మీటర్ల లెక్క సాధారణంగా అక్కడ ఏదో ఉందని తెలిసే దూరమే కాని, అది నక్కో కుక్కో పోల్చుకునే దూరం కాదు. దీపం వెలుగు వెళ్ళేకొద్దీ పరుచుకుంటుంది కాబట్టి, దూరం రెట్టింపయితే జంతువు మీద పడే వెలుగు నాలుగో వంతుకు దిగుతుంది.

విజయవాడ గవర్నర్‌పేటలోనైనా అరండల్‌పేటలోనైనా దుకాణంలో లైట్లు ఆర్పి చూపించేది పది అడుగుల దూరంలోనే కనుక, వాపసు గడువును బిల్లు మీద రాయించుకోవడం ముఖ్యం. విదేశీ సరుకైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, ఎమ్మార్పీ ఉండితీరాలి. దీపం బ్యాటరీని త్వరగా తినేస్తుంది కనుక పెన్సిల్ సెల్లు వేసే దానికన్నా రీచార్జి చేసుకునేది నయం. తెర వెలుగును తగ్గించుకునే వీలు తప్పక ఉండాలి. లేకపోతే స్కోపు దించిన తరువాత ఆ కంటికి చాలాసేపు చీకట్లో ఏమీ ఆనదు. స్కోపు కంటికి పెట్టుకుని నడవడం ఎలాగూ కూడదు, కట్లపాము తిరిగేది కూడా రాత్రిపూటే. తుపాకీకి బిగించే రకం ఎంత చవకగా వచ్చినా వద్దు. అడవి అంచున అటువంటిది చేతిలో ఉంటే వేటగాడన్న అనుమానం రావడం సహజం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదు. పొలాల్లోనైతే రైతుకు ముందే చెప్పాలి.

అభ్యాసం: వాపసు గడువు ముగిసేలోగా, వీలైతే అమావాస్యకు దగ్గరి రాత్రి, వీధి దీపాలు లేని కాలువ గట్టుకు మరొకరిని తోడు తీసుకుని వెళ్ళండి. కనిపించిన కుక్కను పది పది అడుగులు వెనక్కి జరుగుతూ స్కోపులో చూడండి. కాళ్ళు, తోక విడివిడిగా ఆనవాలు పట్టగలిగిన చివరి దూరాన్ని, కళ్ళ మెరుపు మాత్రమే మిగిలిన దూరాన్ని వేర్వేరుగా రాసుకోండి. మంచు పడిన రాత్రి కూడా ఒకసారి ఇదే చేస్తే, దీపం వెలుగు మంచు మీదే పడి తిరిగివచ్చి తెరంతా తెల్లగా ఎలా కమ్ముకుంటుందో తెలుస్తుంది. ఎక్కడ కూర్చోవాలి, గాలివాటం ఎలా చూసుకోవాలి అనేది నాలుగవ పాఠం. దానికి ఈ రెండు దూరాల లెక్క అవసరమవుతుంది.