ఊరి ఆటలకూ, తీరంలోని తాబేళ్లకూ కంపెనీల నిధులు అడిగే పద్ధతి

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి. ఆ సొమ్మును వేటికి వాడవచ్చో చెప్పే ఏడవ షెడ్యూలులో గ్రామీణ క్రీడల శిక్షణ, వన్యప్రాణుల రక్షణ రెండూ ఉన్నాయి. అయినా ఏళ్ల తరబడి మంచి పని చేస్తున్న చిన్న సంఘాలు, అడగవలసింది అడగక, రాగల సహాయాన్ని పోగొట్టుకోవడం బాధాకరం.

ముందు ఆటల సంగతి. షెడ్యూలులో ఉన్న మాట ‘శిక్షణ’. మారథాన్లు, అవార్డుల వంటి ఒక్కసారితో ముగిసే కార్యక్రమాలు ఈ ఖర్చు కిందకు రావని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2014లోనే స్పష్టం చేసింది; తన సరుకు ప్రచారం కోసం కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ కూడా రాదు. కాబట్టి సంక్రాంతి కబడ్డీ పోటీలకు, చొక్కాల మీద కంపెనీ పేరుకు ఈ నిధిని అడగవద్దు. ఏడాది పొడవునా సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పే కోచ్ వేతనం, మ్యాట్, ఎంపిక పోటీలకు వెళ్లేందుకు బస్సు ఛార్జీలు అడగండి. మైదానం పంచాయతీదో బడిదో అయితే వారి తీర్మానాన్ని జతచేయండి.

ఇక తాబేళ్ల సంగతి. ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచిన మాట ఒకటుంది: కంచె వంటి కట్టడాల కంటే ముందు మనుషుల కూలి అడగండి. మన కోస్తా తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో సుమారు వంద గుడ్లుంటాయి; అవి పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ కుక్కలూ నక్కలూ గూళ్లను తవ్వకుండా రాత్రంతా ఇసుకలో నడిచి కాపలా కాసేది మత్స్యకార కుటుంబాల యువకులే. కంచె ఎంత బాగున్నా, వాళ్ల కూలి ఆగిన రాత్రి గుడ్లకు రక్షణ ఉండదు. ‘జీతాలు పరిపాలనా ఖర్చు, అది 5 శాతం మించకూడదు’ అని కంపెనీ ప్రతినిధి అభ్యంతరం చెబితే, ఆ పరిమితి కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చుకు మాత్రమేననీ, ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చుకు వర్తించదనీ నిబంధనను చూపి వినయంగా చెప్పండి.

కాగితాల విషయానికి వస్తే, సంఘానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) నమోదులు, ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం, కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు సమర్పించే సీఎస్ఆర్-1 ఫారం ద్వారా వచ్చిన నమోదు సంఖ్య ఉండాలి. అవి లేకపోతే, ఉన్న సంస్థతో కలిసి దరఖాస్తు చేయడం మేలు. ఆలివ్ రిడ్లీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో ఉంది. అందుచేత అటవీ శాఖ అనుమతి లేకుండా గుడ్లను ముట్టుకోకూడదు, ఆ అనుమతి పత్రం దరఖాస్తులో ముందే ఉండాలి.

కంపెనీ వెబ్‌సైటులో సామాజిక బాధ్యత విధానం, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులు ఉంటాయి. వాటిని చదివి, మీ ఊరి చుట్టుపక్కల ఫ్యాక్టరీయో గనియో ఉన్న కంపెనీని ముందు ఎంచుకోండి, ఎందుకంటే తాము పనిచేసే ప్రాంతానికి కంపెనీలు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కంపెనీ వార్షిక కార్యాచరణ ప్రణాళికలో చోటు దొరకాలంటే ఏప్రిల్‌కు రెండు మూడు నెలల ముందే దరఖాస్తు చేరడం మంచిది. మార్చిలో పెట్టిన గుడ్లు పొదిగేసరికి ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 దాటిపోతుంది కనుక, తాబేళ్ల పని ఉంటే దాన్ని ఒక్క ఏడాది పనిగా కాక కొనసాగే ప్రాజెక్టుగా రాయండి; అప్పుడు ఆర్థిక సంవత్సరం మారినా ఏప్రిల్ కూలికి అడ్డు రాదు.

డబ్బు వచ్చాక రెండు పుస్తకాలు తెరవండి: పిల్లల హాజరు ఒకదానిలో, గూటి తేదీ, గుడ్ల సంఖ్య, సముద్రంలోకి వదిలిన తాబేలు పిల్లల లెక్క రెండోదానిలో. తదుపరి విడత అడిగేటప్పుడు ఫొటోల కంటే ముందు వాటినే చూపండి.