సంక్రాంతి సెలవుల్లో జవాయి చిరుతల్ని చూడ్డానికి వెళ్తున్నారా?

మా అపార్ట్‌మెంట్‌లోనే రెండు కుటుంబాలు ఈ సంక్రాంతికి ఉదయ్‌పూర్ ఫ్లైట్ టికెట్లు తీసుకున్నాయి. అక్కణ్నించి కారులో జవాయి. నేను పోయినేడాది వెళ్లొచ్చానని అందరూ అడిగేది ఒకటే: "చిరుత కనిపిస్తుందా?" ఓపిక పడితే కనిపించే అవకాశం బాగానే ఉంది. నాకున్న బెంగ వేరు. మనం చూసొచ్చిన మర్నాడు పొద్దున అదే గుట్ట కింద మేకల్ని తోలుకెళ్లే మనిషికి మన వల్ల ముప్పు రాకూడదు.

రాజస్థాన్‌లోని పాలీ జిల్లాలో, 1957లో పూర్తయిన జవాయి డ్యామ్ చుట్టూ ఉంది ఆ ప్రాంతం. నున్నటి గ్రానైట్ గుట్టలు, వాటి గుహల్లో చిరుతలు, కింద రబారీ పశుపాలకుల ఊళ్లు. గుట్టకీ ఊరికీ మధ్య కంచె ఉండదు, ఆవాల చేలో గోధుమ చేలో ఉంటాయి, అంతే. మేకను చిరుత ఎత్తుకెళ్తే అటవీశాఖ పరిహారం ఇస్తుంది. అయినా అది దేవుడి వాటా అనుకునేవాళ్లు రబారీల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ ఓర్పును మనం వాడుకుని చెడగొట్టకూడదు.

ఒక సాయంత్రం ఎర్ర తలపాగా పెద్దాయన ఒకరు ముళ్లకంప దొడ్డి వాకిట్లో నిలబడి, ఒక్కో మేక వీపు మీద చెయ్యేసి లెక్కపెడుతూ లోపలికి పంపుతున్నారు. మా జీప్ డ్రైవర్ తొందరలో హారన్ కొట్టాడు. మంద బెదిరి రెండుగా చీలింది. ఆయన ఒక్క మాట అనలేదు. చెదిరినవాటిని కూడగట్టి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. అప్పటికే చీకటి పడుతోంది. ఆ వేళ బయట మిగిలిపోయే మేకే చిరుతకు సులువుగా దొరికేది. అందుకే మంద ఎదురైతే ఇంజన్ ఆపేయమని బండి ఎక్కేటప్పుడే డ్రైవర్‌కి చెప్పండి. పక్షులకు, చిరుతలకు రికార్డు చేసిన అరుపులు వినిపించడం, గుహ మీదికి డ్రోన్ పంపడం, కళ్లలోకి స్పాట్‌లైట్ కొట్టడం ఎవరు చేస్తామన్నా వద్దనండి. పిల్లలున్న తల్లి చిరుత అయితే ఇంకా దూరం.

చిరుతకు ఎప్పుడూ తప్పించుకునే దారి వదలాలి. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ మైలార్‌దేవ్‌పల్లి రోడ్డు మీద చిరుత పడుకున్న వీడియో మనవాళ్లందరూ చూసే ఉంటారు. జనం మూగాక అది బెదిరి, లారీ ఎక్కుతున్న మనిషి మీదికి వెళ్లింది. జవాయిలో నాలుగు జీపులు నాలుగు వైపులా నిలబడితే జరిగేదీ అదే. మీ బండిని ఒక పక్కనే ఆపించండి.

కాలినడకన ఉన్నప్పుడు ఎదురుపడితే పరుగెత్తొద్దు, కూర్చోవద్దు, వంగొద్దు. వంగిన మనిషి దానికి చిన్న జంతువులా కనిపిస్తాడు. చిన్నపిల్లలుంటే చప్పున ఎత్తుకుని, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. దగ్గరికి వస్తుంటే చేతులు పైకెత్తి గట్టిగా అరవండి. రాళ్లు మాత్రం విసరొద్దు. పొద్దుగూకాక పిల్లల్ని ఒంటరిగా బాత్‌రూమ్‌కి కూడా పంపొద్దు. మన తిరుమల నడకదారిలో 2023లో చిరుత దాడిలో ఒక పాప ప్రాణం పోయింది. ఆ దారిన నడిచిన తల్లిదండ్రులకి ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

నిజానికి జవాయిలో నాకు ఎక్కువ భయం వేసింది జీప్‌లో. నున్నటి బండల మీదికి నిట్టనిలువుగా ఎక్కిస్తారు. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ సఫారీ మానుకోవడమే మంచిది. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టండి, సెల్ఫీ కోసం లేచి నిలబడనివ్వొద్దు. హైదరాబాద్ చలి వేరు, అక్కడ తెల్లవారుజామున ఓపెన్ జీప్‌లో కొట్టే గాలి వేరు. మంకీ క్యాప్, గ్లవ్స్ తప్పనిసరి. డ్యామ్‌లో మొసళ్లున్నాయి, నీళ్ల అంచుకి దిగొద్దు. పొద్దున బూట్లు దులిపి వేసుకోండి, తేళ్లుంటాయి. కుక్క కరిచినా, ఏ జంతువు గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి, వెంటనే రేబిస్ టీకాకి వెళ్లండి.

రబారీ ఆడవాళ్లని అడగకుండా ఫోటో తీయొద్దు. కొంగు లాక్కుని తల తిప్పుకుంటే అదే జవాబు, కెమెరా దించేయండి.

తిండి మిగిలితే గుట్ట దగ్గర పారేయకండి. మెతుకుల కోసం కుక్కలు వస్తాయి, కుక్కల కోసం చిరుత ఊరి దగ్గరికి వస్తుంది. మేం సకినాలు, పులిహోర కట్టుకెళ్లాం. ఖాళీ కవర్లు, ఆకులు అన్నీ ఒక సంచిలో వేసి, తిరిగి ఉదయ్‌పూర్ చేరాకే చెత్తబుట్టలో వేశాం.