10 యూరోల లోపు ఫ్రెంచ్ రెడ్ వైన్ ఎలా కొనాలి, పాడుచేయకుండా ఎలా తాగాలి?

ఫ్రాన్స్‌లోని లియోన్ వచ్చి పన్నెండేళ్లయింది, ఈ పన్నెండేళ్లలో మనవాళ్ల ఇళ్లకి భోజనానికి వెళ్లి నేను తాగిన గోరువెచ్చటి రెడ్ వైన్‌కి లెక్కలేదు. బాటిల్ మంచిదే తెస్తారు, 15, 20 యూరోలు పెడతారు, తెచ్చి దాన్ని స్టవ్ పక్కన గట్టు మీద నిలబెడతారు, కుక్కర్ మూడు విజిల్స్ వేసేసరికి అది కాస్తా కషాయం అయిపోతుంది. తర్వాత ఒక గుక్క తాగి "ఏంటో అన్నా, అందరూ ఫ్రెంచ్ వైన్ ఫ్రెంచ్ వైన్ అంటారు గానీ నాకేం ఎక్కట్లేదు" అంటారు. ఎలా ఎక్కుతుంది మరి? సరిగ్గా చల్లబరిచిన 8 యూరోల బాటిల్ ముందు వెచ్చటి 20 యూరోల బాటిల్ దిగదుడుపే, కావాలంటే పక్కపక్కన పెట్టి తాగి చూడండి.

సామాను

మడత పెట్టే కార్క్ ఓపెనర్, వెయిటర్ల జేబులో ఉంటుందే, అది. కాడ ఉన్న గ్లాసులు, పైన మూతి కొంచెం ముడుచుకుని ఉండేవి. ఒక బకెట్, కొంచెం ఐస్, వంటింటి థర్మామీటర్. అంతే. వైన్ రుచి పెంచుతామని అమ్మే గాలి ఊదే మెషీన్లు, అయస్కాంతాలు, ఇలాంటివి గిఫ్ట్ వస్తే ఇంకెవరికైనా గిఫ్ట్ ఇచ్చేయండి.

కొనడం

10 యూరోల లోపు అయితే బోర్డో ప్రాంతం వైన్ల జోలికి పోవద్దు. దొరకదని కాదు, దొరుకుతుంది, కానీ పది తీస్తే ఎనిమిది వగరుగా, పల్చగా ఉంటాయి, మిగతా రెండూ ఏవో కనిపెట్టే ఓపిక మనకి ఉండదు. 1855లో చేసిన పెద్ద పెద్ద షాతోల (అంటే వైన్ తోటల) జాబితా ఒకటుంది, దాని పుణ్యాన వచ్చిన పేరుని అక్కడ ఊరూవాడా వాడుకుంటున్నారు. లేబుల్ మీద "గ్రాన్ వాన్ ద బోర్డో" (బోర్డో గొప్ప వైన్) అని బంగారు అక్షరాలు ఉంటే అదేదో గ్రేడ్ అనుకోకండి, అది గ్రేడ్ కాదు. "వియెయ్ వీన్య్" అంటే పాత తీగలు అని అర్థం, ఎన్నేళ్లయితే పాతో చట్టంలో ఎక్కడా లేదు. మెడల్ స్టిక్కర్ సంగతీ అంతే, ఇక్కడి రూల్ ప్రకారం ఒక పోటీలో మూడో వంతు వైన్ల దాకా మెడల్స్ ఇచ్చుకోవచ్చు. మూడింట ఒకటి. మన స్కూల్లో కన్సొలేషన్ ప్రైజులు కూడా అంత ధారాళంగా ఇవ్వలేదు.

మరి ఏం కొనాలి అంటే కోత్ దు రోన్ విలాజ్. రోన్ నది లోయలో వైన్లు మెట్లుమెట్లుగా ఉంటాయి: అన్నిటికంటే కింద ఉత్త కోత్ దు రోన్, దాని పైన "విలాజ్" అని రాసి ఉన్నది, ఇంకో మెట్టు పైన విలాజ్ పక్కన ఊరి పేరు కూడా ఉన్నది, అన్నిటికంటే పైన క్రూలు, అంటే జిగొండాస్, వాకెరాస్, షాతోనఫ్ దు పాప్ లాంటివి. మనకి కావాల్సింది ఆ మూడో మెట్టు. సాబ్లే, సెగ్యురే, ప్లాన్ ద దియ, ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి. సాబ్లే, జిగొండాస్ పక్కపక్క ఊళ్లు, రెండుచోట్లా గ్రనాష్, సిరా ద్రాక్షే, ధర మాత్రం సాబ్లేకి 8, 9 యూరోలు, జిగొండాస్‌కి దాదాపు రెట్టింపు. కేరాన్ కూడా ఇలాగే మూడో మెట్టు మీద ఉండేది, 2016లో క్రూ అయింది, అప్పట్నుంచి నేను కొనడం తగ్గించేశా. ప్రమోషన్ వచ్చాక పాత జీతానికి ఎవరు పనిచేస్తారు.

ఇంకో మాట, 4 యూరోల కంటే తక్కువకి వెళ్లొద్దు. ఫ్రాన్స్‌లో వైన్ మీద ఎక్సైజ్ బాటిల్‌కి మూడు సెంట్ల చిల్లర, దాదాపు లేనట్టే, అయినా సరే 20 శాతం టీవీఏ (మన వ్యాట్ లాంటి పన్ను), సీసా, కార్క్, లేబుల్, లారీ, షాపు లాభం తీసేస్తే లోపల ద్రాక్షరసానికి మిగిలేది ఏముంటుంది? కార్క్ మీద ఉండే రేకు మూత చూడండి, "ఆర్" అని అక్షరం ఉంటే పండించినవాళ్లే బాటిల్ నింపారని (ఈ మధ్య అన్నిటి మీదా ఈ ముద్ర ఉండట్లేదు), లేకపోతే "మీ జాన్ బుతెయ్ ఒ దొమేన్", అంటే తోటలోనే బాటిల్ నింపాం, అని రాసుందేమో చూడండి.

ఫోన్ తీసి లేబుల్ స్కాన్ చేసి స్టార్లు చూసేవాళ్లున్నారు, మా ఫ్రెండ్ ఒకడు షాపులో అరగంట అదే పని. ఆ స్టార్లు ఇచ్చినవాళ్లలో ఎంతమంది దాన్ని స్టవ్ పక్కన పెట్టి తాగారో మనకేం తెలుసు?

చల్లబరచడం (ఇక్కడే అందరూ తప్పేది)

"రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి" అన్న మాట మర్చిపోండి. ఇది పుట్టింది హీటర్లు లేని కాలంలో. 11, 12 డిగ్రీల నేలమాళిగలో ఉన్న సీసాని తెచ్చి గదిలో పెట్టి కాస్త చలి విరగనిచ్చేవాళ్లు, దాన్నే ఫ్రెంచ్‌లో "శాంబ్రే" అంటారు, శాంబ్ర్ అంటే గది. ఆ రాతి గదులు 16, 17 డిగ్రీలుండేవి. ఇప్పుడు మన ఫ్లాట్ చలికాలంలోనే 22, జూలైలో ఏసీ లేని లియోన్ ఫ్లాట్ అయితే 30 దాటుతుంది, ఇంక హైదరాబాద్ రూమ్ టెంపరేచర్ గురించి నేను చెప్పక్కర్లేదు. రూమ్ మారింది గానీ మాట మారలేదు.

వెచ్చగా ఉంటే ఏమవుతుంది? రోన్ వైన్‌లో ఆల్కహాల్ 14 శాతం అటూ ఇటూగా ఉంటుంది. వేడికి ముందు లేచేది అదే, మూతి దగ్గరికి తెచ్చేసరికి ముక్కు మండుతుంది, పండు వాసన మొత్తం దాని వెనకాల పడిపోయి ఉడికించిన జామ్ లాగా అయిపోతుంది. అలాగని ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టి తీస్తే ఇంకో గోల, వాసన ముడుచుకుపోతుంది, వగరు పైకొస్తుంది, జామ పిందె కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. బాగా చల్లటిది కూల్‌డ్రింక్ లాగా దిగిపోతుంది అనుకుంటారు, అది వైట్ వైన్‌కి చెల్లింది, దీనికి కాదు.

మనకి కావాల్సింది కుండ నీళ్ల చల్లదనం. ఫ్రిజ్ నీళ్లు కాదు, కుండ నీళ్లు. ఎండలో తిరిగొచ్చి కుండలో ముంచుకుని తాగితే గొంతుకి హాయిగా ఉంటుంది, పళ్లు మాత్రం జివ్వుమనవు, అదీ లెక్క. అంకెల్లో కావాలంటే రోన్ వైన్ 15 నుంచి 17 డిగ్రీలు, బోజొలే లాంటి తేలిక రకం 13. లియోన్‌లో పాతకాలపు బుషోన్ హోటళ్లకి వెళ్తే బోజొలేని అడుగు మందంగా ఉండే 46 సెంటీలీటర్ల సీసాలో పోసి చల్లగానే తెచ్చిపెడతారు, ఎవరూ రూమ్ టెంపరేచర్ అనరు.

చలికాలం అయితే తాగే ముందు ముప్పావుగంట ఫ్రిజ్‌లో, ఎండాకాలం అయితే గంటన్నర పైనే. టైమ్ లేదా, బకెట్‌లో సగం ఐస్ సగం నీళ్లు పోసి బాటిల్ మెడ దాకా ముంచి పది నిమిషాలు. నీళ్లు కచ్చితంగా పోయాలి. ఉత్త ఐస్ పోస్తే ముక్కల మధ్య అంతా గాలే ఉంటుంది, బాటిల్‌కి చల్లదనం అందదు, ఇది చెప్పినా వినరు, పార్టీకి పార్టీ ఐస్ వేస్ట్ చేస్తారు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు ప్లీజ్, పెట్టినవాళ్లు మర్చిపోతారు, గడ్డకట్టి కార్క్ బయటికి తన్నుకొస్తుంది, నా ఫ్రీజర్ డబ్బా ఒకటి ఇప్పటికీ ఊదారంగులోనే ఉంది. మొదటి నాలుగైదు సార్లు గ్లాసులో థర్మామీటర్ పెట్టి చూసుకోండి, అందరూ నవ్వుతారు, నవ్వనివ్వండి, తర్వాత సీసా చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది. అనుమానంగా ఉంటే కొంచెం చల్లగానే పోయండి, గ్లాసులో అదే సర్దుకుంటుంది. వెచ్చబడ్డదాన్ని గ్లాసులో చల్లార్చడం కుదరదు, ఐస్ ముక్క వేస్తే నీళ్లవుతుంది.

పోయడం, తినడం

గ్లాసులో మూడో వంతు కంటే ఎక్కువ పోయొద్దు. "గంట ముందే కార్క్ తీసి ఉంచా" అంటారు, అంత సన్నటి మూతిలోంచి గాలి ఎంత పోతుంది? గాలి తగలాలంటే జగ్గులోకి వంపండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ పాడైందని, తాగకుండా షాపుకి తీసుకెళ్తే చాలామంది మార్చిస్తారు.

మన వంటతో అయితే కారం తగ్గించక తప్పదు, ఆల్కహాల్ కారాన్ని ఇంకా ఎగదోస్తుంది. మిరియాలు వేసిన మటన్ వేపుడికి సాబ్లే బాగా కుదురుతుంది. గోంగూర మాంసానికి మాత్రం బోజొలే, ఆ గమే ద్రాక్షకి సొంత పులుపు ఉంటుంది కాబట్టి గోంగూర ముందు నిలబడుతుంది, రోన్ వైన్ అయితే చప్పగా తేలిపోతుంది. రెండు గ్లాసులతో ఆపండి, ఇక్కడ డ్రైవింగ్‌కి లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్ వరకే, కొత్త లైసెన్స్‌వాళ్లకి 0.2, అంటే ఒక్క గ్లాసు కూడా వద్దు.

మిగిలితే కార్క్ పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి, రెండు మూడు రోజులు ఏం కాదు, తాగే ముందు అరగంట బయటపెడితే చాలు. నాలుగో రోజుకి ఇంకా ఉంటే మటన్ ఉడికేటప్పుడు పోసేయండి, గోంగూర వేసే మటన్‌లో మాత్రం వద్దు, ఆ ప్రయోగం నేను చేసేశా, కూర మొత్తం నేనొక్కడినే తినాల్సొచ్చింది.